సుగ్గి అన్న మాటను కొట్టేయొద్దు

ప్రశ్న: ఎంతమందిని ఇంటర్వ్యూ చేస్తే ప్రాజెక్టుకు చాలు?
– ఒక విద్యార్థి, కడప

జవాబు: కొత్త సంగతి రావడం ఆగిపోయేదాకా.

ప్రశ్న: నేను ఎం.ఏ. చదువుతున్నాను. మిరపకోతలకు గుంటూరు వైపు పోయొచ్చిన ఆడవాళ్లను మా చుట్టుపక్కల పల్లెల్లో 14 మందిని ఇంటర్వ్యూ చేశాను. "మీరు వలస ఎందుకు వెళ్లారు?" అని అడిగితే ఒక అవ్వ "మేం వలస పోలేదు, సుగ్గికి పోయినాము" అనేసి ఇంక నోరు విప్పలేదు. ఆ ఇంటర్వ్యూ పనికిరాదని పక్కన పెట్టేశాను. ఇప్పుడు చివరి అధ్యాయంలో పరిశోధకురాలిగా నా ఎదుగుదల గురించి రాయమంటున్నారు. ధైర్యం పెరిగిందని తప్ప ఏమీ తోచడం లేదు.
– ఒక విద్యార్థిని, కోడుమూరు

జవాబు: ధైర్యం సంగతి వదిలెయ్యమ్మా. ఇలాంటి అధ్యాయాల్లో అందరూ రాసేది అదే: బెరుకు పోయింది, ఓర్పు వచ్చింది, సమాజం అర్థమైంది. చదివేవాళ్లకు అందులో తేల్చుకోవడానికి ఏమీ ఉండదు. నువ్వు పక్కన పెట్టిన ఇంటర్వ్యూయే ఈ అధ్యాయానికి అసలు ఆధారం. వలస అనేది పత్రికల మాట, ఆఫీసుల మాట. ఊరు వదిలేసిన దైన్యం అందులో ముందే కూర్చుని ఉంది. సుగ్గి అంటే కోతల కాలం, కన్నడంలోనూ అదే మాట. బియ్యం మూట, వంటగిన్నెలు లారీకెక్కించుకుని పోయి, ఘాటుకు చేతులు మండుతుంటే కాయ తెంపి, కూలి డబ్బుతో ఇల్లు చేరిన మనిషి తనను పని తెలిసిన మనిషిగా చూసుకుంటుంది. నువ్వేమో దిక్కులేక పోయిన మనిషిగా లెక్కగట్టి ప్రశ్న వేశావు. అవ్వ ఆ లెక్కను ఒప్పుకోలేదు. పైగా "ఎందుకు" అంటే ఎవరైనా సంజాయిషీ చెప్పుకుంటారు. "వానల్లేవు" అంటారు. ఆ జవాబు నీకు బయల్దేరకముందే తెలుసు. "పోయినేడు సుగ్గికి పోయేరోజు ఏమేం సర్దుకున్నారవ్వా?" అని అడిగి చూడు. ఇంటి దగ్గర ఎవర్ని వదిలారో, పిల్లల్ని బడి మాన్పించారో, సీజనల్ హాస్టల్లో చేర్చారో, ముందుగా డబ్బు ఎవరిచ్చారో, అన్నీ ఆ మూటలోంచే బయటికొస్తాయి. కాబట్టి ఎదుగుదలను నీ మనసులో వెతక్కు, నీ ప్రశ్నల కాగితంలో వెతుకు. మొదటి కాగితం, చివరి కాగితం పక్కపక్కన పెట్టు. మొదటి రికార్డింగు, పదో రికార్డింగు విను. ఎదుటి మనిషి ఆగిన చోట ఎంతసేపటికి నువ్వు అడ్డం పడ్డావో చూడు. అక్కడ తేడా కనబడితే రాయి, కనబడకపోతే అదీ రాయి.

మధ్యలో ప్రశ్నలు మారిస్తే జవాబుల్ని పోల్చలేం కదా అంటారు. సర్వేకైతే ఆ మాట నిజం. ఇక్కడ నువ్వు తలలు లెక్కపెట్టడం లేదు. ఏ తేదీన, ఎవరి మాట విన్నాక ఏ ప్రశ్న మార్చావో రాసిపెట్టి, ముందు మాట్లాడిన వాళ్ల దగ్గరికి కొత్త ప్రశ్నతో మళ్లీ వెళ్తే సరిపోతుంది. అంతకన్నా గట్టి అభ్యంతరం ఇంకోటుంది: కూలీల కథను పక్కకు నెట్టి పరిశోధకులు తమ కథ రాసుకోవడమేమిటని. నీ కన్నీళ్లూ నీ ఆనందాలూ రాసుకుంటే ఆ తప్పు నీ మీద పడాల్సిందే. అయితే ఎవరు ఎవర్ని అడిగారో తెలియడం ఎందుకు అవసరమో మన సీమలోనే చూడొచ్చు. 1800 తర్వాత ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ కోసం ఆయన దగ్గర పనిచేసిన కావలి సోదరులూ వాళ్ల మనుషులూ ఊరూరా పోగుచేసిన కైఫియత్తులు, అంటే ఊళ్ల చరిత్రలు, చాలామటుకు కరణాలు చెప్పినవి, రాసిచ్చినవి. వాటిలో గుడి మాన్యాలు, పాలెగాళ్ల వంశాలు దండిగా దొరుకుతాయి. చేలో కలుపు తీసినామె గొంతు దొరకడం కష్టం. ఆమెకు చెప్పడానికేమీ లేక కాదు, ఆమెను అడగలేదు. ఎవరు ఎవర్ని అడిగారో తెలుసు కాబట్టే ఈ లోటు మనకు కనబడుతోంది. 1986లో స్త్రీశక్తి సంఘటన అనే స్త్రీల బృందం తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' పుస్తకం ఇంకో దారి పట్టింది. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న స్త్రీల మాటల్ని వాళ్ల నోటి వెంట వచ్చినట్టే అచ్చువేసింది. వెళ్లి అడిగినవాళ్లు తామెవరో, ఎందుకు వెళ్లారో దాచలేదు. దానివల్ల ఆ స్త్రీల కథ చిన్నబోలేదు, పాఠకుల నమ్మకం పెరిగింది. నువ్వూ అంతే చెయ్యి, రెండు పేజీలు చాలు. నీ గురించి రాసే ప్రతి వాక్యం వాళ్ల జవాబును బేరీజు వేసుకోవడానికి పనికిరావాలి. థీసిస్ భాషకు తగదని ఎవరైనా సుగ్గి కొట్టేసి వలస అని దిద్దితే మాత్రం ఒప్పుకోకు. ఆ అవ్వ దగ్గరికి మళ్లీ వెళ్లు. ఈ ఏటి సుగ్గికి లారీ రాకముందే వెళ్లు, తర్వాత తలుపుకు తాళం ఉంటుంది.

ప్రశ్న: చెప్పినవాళ్ల పేర్లు మార్చి రాస్తే చాలా?
– ఒక పరిశోధక విద్యార్థి, నంద్యాల

జవాబు: చాలదు. "వంక పక్కన ఇల్లు, ముగ్గురు ఆడపిల్లలు, కుట్టుమిషను" అని రాశాక ఊళ్లోవాళ్లకు పేరెందుకు?