పిడేలు వెంట నడచిన కథలు

మనము వాడు ‘పిడేలు’ అను మాట ఆంగ్లమునందలి ‘ఫిడిల్’ నుండి వచ్చినది. బ్రిటన్ ద్వీపమునకు ఉత్తరభాగమున నున్న స్కాట్లండు దేశమున ఈ వాద్యము పల్లెజనుల నిత్యజీవితమున కలిసిపోయినది. పెండ్లికిని, పండుగకును, నాట్యమునకును పిడేలు ఉండవలసినదే. స్ట్రాత్‌స్పే, రీలు అనునవి వారి నాట్యపు వరుసలు. పెక్కు వరుసల వెంట ఒక్కొక్క కథ నడచుచుండును. అట్టివి మూడు తెలిసికొందము.

ఇన్వర్‌నెస్ నగరమున టామ్‌నాహ్యూరిఖ్ అను గుట్ట కలదు. ఒకనాడు ఇద్దరు పిడేలు విద్వాంసులు పని వెదకికొనుచు ఆ ఊరికి రాగా, ఒక వృద్ధుడు వారిని గుట్టలోని మందిరమునకు తోడ్కొనిపోయెనట. అచ్చట దివ్యజనులు నాట్యమాడుచుండ వీరు రాత్రి యంతయు వాయించిరి. తెల్లవారి వెలుపలికి వచ్చిచూడగా ఊరు మారిపోయినది. ఎరిగినవారు ఒక్కరును లేరు. వారు ఒక్క రాత్రి యనుకొన్నది నూరేండ్లాయెను. చర్చిలో దైవనామము చెవిని బడినంతనే ఇరువురును ధూళియై రాలిపోయిరి. మన భాగవతమున రైవతుడను రాజు కుమార్తె రేవతితో బ్రహ్మసభ కేగి, గానము ముగియువరకు నిలిచి మరలునప్పటికి యుగములు గడచిన కథ మీకు జ్ఞప్తికి వచ్చును. సంగీతము వినువేళ కాలము తెలియదను అనుభవము అందరిదియు గదా!

రెండవది జేమ్స్ మాక్‌ఫర్సన్ కథ. అతడు దారిదోపిడీకాడు. 1700 నవంబరు 16వ తేదీన బాన్ఫ్ పట్టణమున అతని నురితీసిరి. ఇది చరిత్ర. ఉరికంబము క్రింద అతడు తన వరుస నొకటి వాయించి, పిడేలును ఎవరికైన నిచ్చెదననగా ఎవ్వరును చేయి చాపలేదనియు, అంతట దానిని విరుగగొట్టెననియు జనులు చెప్పుదురు. క్షమాపత్రము వచ్చుచున్నదని తెలిసి అధికారులు గడియారమును ముందునకు త్రిప్పిరనియు అందురు. ఇది ఐతిహ్యము. చరిత్ర అతని నేరమును చెప్పగా, ఐతిహ్యము ప్రజల జాలిని చెప్పుచున్నది. రెంటిని వేరుపరచి చదువుట విద్యార్థులు నేర్వవలసిన పని. రాబర్టు బర్న్సు కవి ఈ కథపై గీతము వ్రాసెను.

మూడవది షెట్లండు దీవులది. అచ్చటి గుట్టలలో ‘ట్రౌ’లను చిన్ని భూతములు గలవని పూర్వులు నమ్మిరి. రాత్రివేళ గుట్టప్రక్కగా పోవు బాటసారి లోపలి సంగీతమును విని, మనసున నిలుపుకొని, ఇంటికి వచ్చి వాయించెనని కొన్ని వరుసలను గూర్చి చెప్పుదురు.

ఆ దీవులవారు పూర్వము నార్న్ అను భాష నాడెడివారు. 1469లో దీవులు స్కాట్లండు రాజు వశమైన పిమ్మట ఆ భాష క్రమముగా సన్నగిల్లి అంతరించినది. దాని మాటలు కొన్ని ఊరుల పేరులలోను, వరుసల పేరులలోను నిలిచియున్నవి. వరుసలు గూడ మాయమగునేమో యని బెంగపడినవాడు టామ్ ఆండర్సన్ (1910–1991). ఆయన బీమా సంస్థ ఉద్యోగి. ఇల్లిల్లు తిరుగుచు వృద్ధులు వాయించు వరుసలను, వాని కథలను సేకరించెను. పిమ్మట పాఠశాలలలో పిల్లలకు పిడేలు నేర్పెను. నేడు ఆ దీవులలో ఆ వరుసలు వినవచ్చుచున్నవి.

తలిదండ్రులారా! మన పిల్లలు వీధిలో ఒక భాషయు, ఇంట ఒక భాషయు పలుకుచున్నారు. అవ్వ పాడు జోలపాట, తాత చెప్పు పొలముగట్టు కథ ఏ పాఠ్యపుస్తకమునందును లేవు. వారు చెప్పుచుండగనే వానిని వ్రాసి యుంచవలెను.

అభ్యాసము:
1. మాక్‌ఫర్సన్ కథలో చరిత్ర యెంత? ఐతిహ్యమెంత?
2. టామ్‌నాహ్యూరిఖ్ కథకును రైవతుని కథకును గల పోలికలను, భేదములను వ్రాయుము.
3. మీ ఇంటి పెద్దలలో ఒకరి నడిగి ఒక పాటను వ్రాసికొని రమ్ము. దానిని వారు ఎవరివద్ద, ఏ ఊరిలో నేర్చిరో తప్పక వ్రాయుము.