రక్తములో కుళ్లు
ధ్యాన భాగము: యాకోబు 5:1–6



కోతల దినములలో కొడవలి వ్రేలికి తగులుట మనకు క్రొత్త కాదు. గుడ్డపేలిక చుట్టుకొని మరల చేలో దిగుదుము. అనేకులకు అది మానిపోవును. కొందరికి చేయి వాచి, వణుకుతో జ్వరము వచ్చును. అప్పుడు పెద్దలు రక్తము విషమైనదందురు. వైద్యులు దానిని సెప్టిసీమియా అనిరి; నేడు సెప్సిస్ అను మాట ఎక్కువగా వాడుదురు.

ఇవి గ్రీకు మాటలు. సెప్సిస్ అనగా కుళ్లు. హైమా అనగా రక్తము. ఇది పాము విషము వంటిది కాదు. కంటికి కనబడని క్రిములు గాయము ద్వారా లోపలికి పోవును. వాటితో పోరాడుచు శరీరము అదుపు తప్పి, తన అవయవములనే పాడుచేసికొనును.

బాలింతలను చంపిన జ్వరము కూడ ఇట్టిదే. 1847లో వియన్నా పట్టణములో సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు, శవములను కోసిన చేతులతో పురుళ్లు పోయుటయే దానికి కారణమని గ్రహించెను. బ్లీచింగ్ పొడి కలిపిన నీటితో చేతులు కడుగుకొనవలెనని నియమింపగా మరణములు మిక్కిలి తగ్గెను. అయినను తోటి వైద్యులలో అనేకులు నమ్మలేదు. మరణము తమ చేతులలోనే యున్నదని ఒప్పుకొనుట ఎవరికైనను కష్టమే.

మన చేతుల మాటయేమి? యాకోబు 5:2లో ధనము చెడిపోయెనని చదువుచున్నాము. మూలభాషలో అక్కడ నున్నది ఈ కుళ్లు అను క్రియయే. క్రొత్త నిబంధనలో అది ఆ యొక్క చోటనే కలదు. ఆ ధనము ఏల కుళ్లెను? 4వ వచనము చూడుడి. చేలు కోసినవారి కూలి బిగబట్టిరి గనుక. గాయపడిన కూలివాని పాపియని తలంపకుడి. యాకోబు కుళ్లు చూపినది యజమానుని మూటలో.

కావున గాయమును సబ్బుతోను మంచి నీటితోను కడుగుడి. పేడ, బూడిద పెట్టకుడి. వణుకుతో జ్వరము, ఆయాసము, మాట తడబాటు, మూత్రము తగ్గుట కనబడినయెడల తెల్లవారువరకు ఆగకుడి. 108కు ఫోను చేయుడి. ప్రార్థన చేయుడి, అయితే బండి యెక్కించి చేయుడి. ఆలస్యము విశ్వాసము కాదు. పనిలో గాయపడినవానిని పని చెప్పినవాడే ఆసుపత్రికి తీసికొనిపోవలెను; ఆ దినపు కూలి తగ్గింపరాదు.

1 యోహాను 1:7లో ప్రభువు రక్తమునకును హైమా అను మాటయే యున్నది. అది మనలను కడుగును. మూసిన గాయము కుళ్లును. విప్పి చూపినది కడుగబడును. ఆమేన్.