సైమా సరస్సు తీరాన సైకిల్ యాత్ర: హక్కులు, గడువులు, విధివిధానాలపై తరచూ అడిగే ప్రశ్నలు

ఫిన్లాండ్ ఆగ్నేయ ప్రాంతంలో లప్పేన్‌రాంతా, ఇమత్రా, పూమలా, సవొన్‌లిన్నా పట్టణాల నడుమ చీలికలు పేలికలుగా పరచుకున్న సైమా సరస్సు ఆ దేశంలోకెల్లా పెద్దది. వేసవిలో దాని తీరం వెంబడి కొన్ని రోజులు సైకిల్‌పై తిరగాలని, రాత్రిళ్లు గుడారంలో గడపాలని అనుకునేవారి కోసం ఈ సమాధానాలు. భారతదేశం నుంచి స్వల్పకాలిక వీసాపై వెళ్లేవారినీ, హెల్సింకీ, ఎస్పో నగరాల్లో ఉంటూ ఊరి నుంచి అమ్మానాన్నలను, అన్నదమ్ములను పిలిపించుకునే తెలుగువారినీ దృష్టిలో ఉంచుకున్నాం.

ఇందులో మూడు పదాలను అంతటా ఒక్కో నిర్దిష్ట అర్థంలోనే వాడుతున్నాం. 'సర్వజన హక్కు' అంటే, భూమి ఎవరిదైనా, యజమానిని అడగకుండా, రుసుము చెల్లించకుండా ప్రకృతిలో సంచరించడానికీ తాత్కాలికంగా బస చేయడానికీ ఫిన్లాండ్‌లో అందరికీ ఉన్న హక్కు. 'నివాస ఆవరణ' అంటే ఇల్లు లేదా వేసవి కుటీరం, దాని ముంగిలి, పెరడు, సౌనా గది, దానిని ఆనుకుని ఉన్న తీరభాగం, పడవల రేవు. 'బహిరంగ మంట' అంటే చలిమంట, నెగడు, లేదా నేలకు అంటుకునే అవకాశం ఉన్న మరే మంటైనా.

1. సర్వజన హక్కు విదేశీయులకూ వర్తిస్తుందా?

వర్తిస్తుంది. పౌరసత్వంతోగానీ వీసా రకంతోగానీ దీనికి సంబంధం లేదు. అయితే సర్వజన హక్కు మొత్తం ఒకే చట్టంలో రాసి ఉండదు. పాత ఆచారం, శిక్షాస్మృతి, ప్రకృతి పరిరక్షణ చట్టం, అగ్నిప్రమాదాల నివారణకు సంబంధించిన నిబంధనలు కలిసి దాని హద్దులను నిర్ణయిస్తాయి. కాబట్టి ప్రతి పనికీ ముందు ఒక ప్రశ్న వేసుకోండి: దీన్ని అడగకుండా చేయవచ్చా, యజమానిని అడిగి చేయాలా, లేక యజమాని ఒప్పుకున్నా చేయకూడదా? కింది సమాధానాలన్నీ ఈ మూడింటి మధ్య గీతలు గీసేవే.

నడక, స్కీయింగ్, సైకిల్ మొదటి కోవలోకి వస్తాయి. తొక్కినప్పుడే సాయపడే మోటారు ఉండి, దాని సామర్థ్యం 250 వాట్లకు మించకుండా, గంటకు 25 కిలోమీటర్ల వేగం వద్ద ఆ సాయం ఆగిపోయే విద్యుత్ సైకిల్ కూడా సైకిలే. అంతకు మించినది మోటారు వాహనం. రోడ్డు దిగి దాన్ని నడపాలంటే భూ యజమాని అనుమతి కావాలి.

2. గుడారం ఎక్కడ వేయవచ్చు? ఎన్ని మీటర్ల దూరం పాటించాలి?

చట్టంలో మీటర్ల లెక్క లేదు. ఎవరైనా ఒక అంకె చెబితే అది సలహాయే తప్ప నిబంధన కాదు. నివాస ఆవరణలో ఉన్నవారి ప్రశాంతతకు, ఏకాంతానికి భంగం కలగకూడదన్నదే చట్టం చూసే కొలత. మీ గుడారం వారి కంటపడకూడదు, మీ మాటలు వారి చెవిన పడకూడదు. సరస్సు ఒడ్డున ఈ కొలతను మరింత కచ్చితంగా పాటించండి. నీటి మీదుగా శబ్దం చాలా దూరం పోతుంది. చెట్ల చాటున ఉన్న కుటీరం రోడ్డు మీదికి కనిపించకపోవచ్చు. ఖాళీ రేవు కనబడితే దానికో యజమాని ఉన్నాడనే అనుకోండి.

బస తాత్కాలికం కావాలి. ఒకే చోట ఒకటి రెండు రాత్రులు సాధారణంగా సర్వజన హక్కు పరిధిలోకే వస్తాయి. అంతకు మించి ఉండాలంటే యజమానిని అడగండి. పంట ఉన్న పొలాలు, కొత్తగా మొక్కలు నాటిన అటవీ భూములు, తొక్కితే పాడయ్యే పచ్చిక, ప్రజల స్నానఘట్టాలు, పట్టణ ఉద్యానవనాలు సర్వజన హక్కు కిందికి రావు.

యజమాని వచ్చి వెళ్లిపొమ్మంటే ఏం చేయాలి? మీరు ఎవరికీ ఇబ్బంది కలిగించకపోతే ఆయన కాదన్నంత మాత్రాన మీ హక్కు పోదు. అయినా రాత్రివేళ అడవిలో వాదనకు దిగవద్దనే నా సలహా. క్షమాపణ చెప్పి స్థలం మార్చండి. నివాస ఆవరణలోకి చొరబడినట్లు తేలితే మాత్రం అది శిక్షార్హమైన నేరం. అక్కడ సర్వజన హక్కు మీకు రక్షణ కాదు.

3. చలిమంట వేసుకోవచ్చా? గ్యాస్ పొయ్యి మీద వండుకోవచ్చా?

ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. బహిరంగ మంట సర్వజన హక్కులో భాగం కాదు. ఇతరుల భూమిపై బహిరంగ మంటకు యజమాని అనుమతి తప్పనిసరి. గుడారం వేసుకునే హక్కుంది కాబట్టి దాని ముందు మంట వేసుకునే హక్కూ ఉంటుందనుకోవడం తప్పు. ఎండిన చెట్లు, నాచు సైతం భూ యజమానివే. వాటిని అడగకుండా ఏరుకోకూడదు.

వాతావరణ శాఖ 'అటవీ అగ్ని హెచ్చరిక' జారీ చేసిన ప్రాంతంలో, అడవిలోగానీ అడవి దాపునగానీ బహిరంగ మంట పూర్తిగా నిషేధం. యజమాని అనుమతి ఉన్నా ఈ నిషేధం తొలగదు. యాత్రలో రోజూ ఉదయం హెచ్చరికలు చూసుకోండి. నిన్న లేని హెచ్చరిక ఈరోజు ఉండవచ్చు.

నేలకు అంటుకునే వీలు లేని గ్యాస్ పొయ్యి సాధారణంగా బహిరంగ మంటగా పరిగణించబడదు. అయినా దాన్ని రాతి మీదో ఇసుక మీదో నిలబెట్టి, చేతికందేలా నీళ్లు ఉంచుకోండి. కట్టెలతో మండి నిప్పురవ్వలు చిమ్మే చిన్న పొయ్యికి ఈ వెసులుబాటు ఉందని అనుకోవద్దు. అన్నం, పప్పు వండుకునే ఏర్పాటుతో బయల్దేరేవారు గ్యాస్ పొయ్యినే ఎంచుకోవడం క్షేమం.

4. జాతీయ వనాల్లోనూ ఇవే నియమాలా?

కావు. సైమా ప్రాంతంలోని లిన్నన్‌సారి, కొలొవెసి వంటి జాతీయ వనాలకు వాటి సొంత నియమావళి ఉంటుంది. అది సర్వజన హక్కును కుదిస్తుంది. గుడారం వేయడానికీ బహిరంగ మంటకూ కేటాయించిన చోట్లనే వాడాలి. అటవీ అగ్ని హెచ్చరిక ఉన్నప్పుడు ఆ చోట్ల కూడా బహిరంగ మంట వేయకూడదు. సైకిల్‌ను అనుమతించిన మార్గాల్లోనే నడపాలి. ఈ వనాలను నిర్వహించే ప్రభుత్వ సంస్థ మెత్సాహల్లితుస్ ఒక్కో వనం నియమావళిని విడిగా ప్రకటిస్తుంది. బయల్దేరే ముందు చదవండి. సైమా వలయాల సీల్ ఈ నీళ్లలో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు. అది రక్షిత జంతువు. వసంతంలో, వేసవి మొదట్లో బండల మీద పడుకుని కనిపిస్తే దగ్గరికి వెళ్లకండి.

5. 'ప్రైవేటు రోడ్డు' అన్న బోర్డు ఉంటే సైకిల్ పోనివ్వకూడదా?

సాధారణంగా పోనివ్వవచ్చు. అలాంటి బోర్డులు ఎక్కువగా మోటారు వాహనాలను ఉద్దేశించినవి. చట్టబద్ధమైన ఆధారం లేకుండా జనసంచారాన్ని నిషేధించే బోర్డు పెట్టడానికి భూ యజమానికి అధికారం లేదు. అయితే ఆ రోడ్డు నేరుగా ఒక నివాస ఆవరణలోకే పోతుంటే, ఆవరణ మొదలయ్యే చోట మీ హక్కు ఆగిపోతుంది. వెనక్కి తిరగండి.

6. పండ్లు కోసుకోవచ్చా? చేపలు పట్టుకోవచ్చా?

అడవిలో తమంతట తాము పెరిగే బ్లూబెర్రీలు, లింగన్‌బెర్రీలు, పుట్టగొడుగులు సర్వజన హక్కు కింద కోసుకోవచ్చు. రక్షిత మొక్కలు, నివాస ఆవరణలో పెరిగేవి మినహాయింపు. గాలపు చక్రం లేని సాదా కర్ర, దారం, కొక్కెంతో చేపలు పట్టడానికి రుసుము లేదు. చక్రం బిగించి, నకిలీ ఎరతో పట్టేవారు 18 నుంచి 69 ఏళ్ల మధ్య వయసువారైతే ప్రభుత్వానికి మత్స్య సంరక్షణ రుసుము ముందే చెల్లించి ఉండాలి. వలస చేపలుండే జలపాతాలు, వాగుల్లో ఈ వెసులుబాట్లు వర్తించవు.

7. రష్యా సరిహద్దు దగ్గర ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

ఇమత్రా, పరిక్కలా వైపు దారి ఎంచుకునేవారు ఈ సమాధానాన్ని రెండుసార్లు చదవాలని కోరుతున్నాను. నేల మీద సరిహద్దు వెంబడి గరిష్ఠంగా 3 కిలోమీటర్ల వెడల్పున 'సరిహద్దు మండలం' ఉంటుంది. సరిహద్దు మీదుగా పోయే సరస్సుల నీళ్లకూ ఇది వర్తిస్తుంది. పసుపు రంగు బోర్డులు, చెట్ల బోదెలకు చుట్టూ పూసిన పసుపు గుర్తులు దాని హద్దును సూచిస్తాయి. సరిహద్దు మండలంలోకి వెళ్లాలంటే సరిహద్దు రక్షక దళం నుంచి ముందుగా అనుమతి పొందాలి, అందుకు తగిన కారణం చూపాలి. సర్వజన హక్కు అక్కడ అనుమతికి ప్రత్యామ్నాయం కాదు. భూ యజమాని ఆహ్వానించినా అదే నియమం.

ఫోన్‌లోని మ్యాప్ సూచించే దగ్గరి దారి సరిహద్దు మండలం గుండా పోవచ్చు. దారి తప్పాను అన్నది సమర్థన కాదు. రష్యాతో ఉన్న భూ సరిహద్దు ద్వారాలను ఫిన్లాండ్ 2023 డిసెంబరు నుంచి మూసి ఉంచింది. సరిహద్దు దాటి ఫొటో తీసుకుని వద్దామన్న ఆలోచన రానివ్వకండి.

8. రోడ్డు మీద ఏ నియమాలు తప్పక తెలిసి ఉండాలి?

మొదటిది, కుడివైపు నడపాలి. మన అలవాటుకు ఇది పూర్తిగా తిరగబడ్డ నియమం. రోడ్డు పక్కన సైకిల్ దారి ఉంటే సాధారణంగా దాన్నే వాడాలి. మోటారు మార్గాల్లో, మోటారు వాహనాలకే కేటాయించిన రహదారుల్లో సైకిల్ నిషేధం. కాలిబాటపై 12 ఏళ్లలోపు పిల్లలు మాత్రమే తొక్కవచ్చు.

దారి ఎవరు ఎవరికి ఇవ్వాలన్నది ప్రాణాల మీదికి తెచ్చే విషయం. సైకిల్ దారి నుంచి వాహనాల రోడ్డును దాటేటప్పుడు సాధారణంగా దారి ఇవ్వాల్సింది మీరే. మినహాయింపులివి: వాహనం మలుపు తిరుగుతూ మీకు అడ్డం వస్తున్నప్పుడు, రౌండబౌట్ నుంచి బయటికి వస్తున్నప్పుడు, వాహనం ఎదుట 'దారి ఇవ్వండి' త్రికోణం లేదా 'ఆగండి' బోర్డు ఉన్నప్పుడు, లేదా సైకిల్‌కు దారి ఇవ్వాలని తెలిపే ప్రత్యేక బోర్డు ఉన్నప్పుడు. బోర్డులేమీ లేని కూడలిలో వాహనాల రోడ్డు మీదే ఉన్నారనుకోండి. కుడివైపు నుంచి వచ్చేవారికి దారి ఇవ్వాలి.

2020 జూన్ 1న అమల్లోకి వచ్చిన రహదారి చట్టం ప్రకారం చీకట్లో, సంధ్యవేళ, వెలుతురు చాలనప్పుడు ముందు తెల్ల దీపం, వెనుక ఎర్ర దీపం రెండూ వెలగాలి. జూన్‌లో రాత్రి దాదాపు చీకటి పడదు గనుక చాలామంది దీపాలు తీసుకురారు. ఆగస్టులో అదే దారి చీకటి. గంట, రిఫ్లెక్టర్లు కూడా ఉండాలి. హెల్మెట్ సాధారణంగా ధరించాలని చట్టం చెబుతుంది. ధరించకపోతే జరిమానా లేదు. అయినా ధరించండి.

9. పంటు దాటడానికి డబ్బు కట్టాలా? రైల్లో సైకిల్ ఎక్కించవచ్చా?

ప్రభుత్వ రోడ్లను కలిపే పసుపు రంగు పంటులు అందరికీ ఉచితం. ప్రైవేటు రోడ్ల పంటులకు, వేసవిలో యాత్రికుల కోసం తిరిగే పడవలకు రుసుము ఉండవచ్చు. వాటి రాకపోకలు ఆ వేసవి సమయ పట్టికకు లోబడే ఉంటాయి. ఆగస్టు మధ్య నుంచి చాలావరకు తగ్గిపోతాయి. దూరప్రాంత రైళ్లలో సైకిళ్లకు చోటు పరిమితం. మీ టికెట్‌తో పాటు సైకిల్‌కూ చోటు ముందే కొనాలి.

10. వీసాకు ఎప్పుడు దరఖాస్తు చేయాలి? గుడారంలో ఉంటామని రాయవచ్చా?

భారత పాస్‌పోర్టు ఉన్నవారికి షెంగెన్ వీసా తప్పనిసరి. ప్రయాణానికి 6 నెలలకు ముందు దరఖాస్తు స్వీకరించరు. ప్రయాణానికి కనీసం 15 రోజుల ముందు సమర్పించాలి. నిర్ణయానికి సాధారణ గడువు 15 రోజులు, దాన్ని 45 రోజుల వరకు పొడిగించవచ్చు. కాబట్టి 15 రోజుల హద్దును లెక్కలోకి తీసుకోకండి. వేసవి యాత్రకు రెండు మూడు నెలల ముందే సమర్పించండి. పెద్దలకు రుసుము 90 యూరోలు, దరఖాస్తు కేంద్రం రుసుము దానికి అదనం. పాస్‌పోర్టు గత 10 ఏళ్లలో జారీ అయినదై, షెంగెన్ ప్రాంతం వదిలిన తర్వాత కనీసం 3 నెలలు చెల్లేదై, రెండు ఖాళీ పేజీలు ఉన్నదై ఉండాలి. ప్రయాణ వైద్య బీమా మొత్తం షెంగెన్ ప్రాంతానికి వర్తించాలి, 30,000 యూరోలకు తక్కువ కాకూడదు. పాలసీలో సైకిల్ యాత్రను మినహాయించారేమో చదవండి.

బస వివరాలు నిజమే రాయండి. గుడారం వేసే రాత్రులను అలాగే చూపి, పట్టణాల్లో ఉండే రాత్రులకు బుకింగులు జత చేసి, రోజువారీ దారి, దూరం, తిరుగు ప్రయాణం పట్టిక ఇవ్వండి. వీసా వచ్చాక రద్దు చేయాలన్న ఉద్దేశంతో హోటళ్లు బుక్ చేయడం మంచిది కాదు. సరిహద్దు వద్ద అధికారి ఆ పత్రాలే అడగవచ్చు.

11. వీసా తిరస్కరిస్తే?

కారణాలు తెలిపే ఫారం ఇస్తారు. నిర్ణయం మీకు అందిన 30 రోజుల్లోగా, నిర్ణయం తీసుకున్న రాయబార కార్యాలయానికే 'సవరణ వినతి' సమర్పించవచ్చు. దానిపై వచ్చిన నిర్ణయంతోనూ తృప్తి లేకపోతే హెల్సింకీ పరిపాలనా న్యాయస్థానానికి అప్పీలు చేయవచ్చు. ఎలా, ఎక్కడ అన్న సూచనలు నిర్ణయంతోనే జత చేసి ఉంటాయి. వాటిని అక్షరం తప్పకుండా పాటించండి. లోపించిన పత్రం దొరికితే కొత్త దరఖాస్తు వేయడం తరచుగా త్వరగా తేలే మార్గం.

12. వీసాపై ఉన్న తేదీల్లో ఎన్ని రోజులైనా ఉండవచ్చా?

ఉండకూడదు. చెల్లుబాటు తేదీలు వేరు, అనుమతించిన రోజుల సంఖ్య వేరు. తేదీల మధ్య నెలంత కాలం కనిపించినా, రోజుల గడిలో 12 అని ఉంటే 12 రోజులే. వచ్చిన రోజు, వెళ్లే రోజు రెండూ లెక్కే. 2025 అక్టోబరు 12న దశలవారీగా మొదలైన ప్రవేశ నిష్క్రమణ వ్యవస్థ ఈ లెక్కను కంప్యూటర్‌లోనే ఉంచుతోంది. జబ్బు చేసో గాయపడో గడువులోగా బయల్దేరలేకపోతే, వీసా గడువు ముగియకముందే ఫిన్లాండ్ పోలీసులకు పొడిగింపు దరఖాస్తు ఇవ్వాలి. వైద్య ధ్రువపత్రం జత చేయండి.

13. విద్యుత్ సైకిల్‌ను విమానంలో తీసుకెళ్లవచ్చా?

బ్యాటరీతో కుదరదు. 160 వాట్-గంటలకు మించిన లిథియం బ్యాటరీని ప్రయాణికుల విమానంలో అనుమతించరు. విద్యుత్ సైకిళ్ల బ్యాటరీలు దాదాపు అన్నీ అంతకు మించినవే. అక్కడే అద్దెకు తీసుకోండి. పాడైతే ఎవరి బాధ్యత, ఎంత వరకు అన్న షరతును సంతకానికి ముందే చదవండి.

14. ప్రమాదం జరిగితే ఎవరిపై, ఎప్పటిలోగా క్లెయిమ్ చేయాలి?

ముందు 112కు ఫోన్ చేయండి. మోటారు వాహనం ఢీకొని సైకిలిస్టుకు గాయాలైతే, తప్పు ఎవరిదన్న దానితో నిమిత్తం లేకుండా ఆ వాహనపు తప్పనిసరి బీమా నుంచి పరిహారం లభిస్తుంది. ఉద్దేశపూర్వక చర్య, ఘోర నిర్లక్ష్యం ఉంటే తగ్గించవచ్చు లేదా నిరాకరించవచ్చు. వాహనం ఆగకుండా పారిపోతే, గాయాలకు సంబంధించిన క్లెయిమ్‌ను మోటారు బీమా సంస్థల ఉమ్మడి కేంద్రం చూస్తుంది. సైకిల్ నష్టానికి అదే స్థాయి రక్షణ ఉంటుందని అనుకోవద్దు. మీ అంతట మీరు పడినా, దుప్పి అడ్డం వచ్చి పడినా ఈ బీమా వర్తించదు. అప్పుడు మీ ప్రయాణ బీమాయే దిక్కు.

పరిహారానికి అర్హత ఉందని తెలిసిన నాటి నుంచి 3 ఏళ్లలోగా, ఏ సందర్భంలోనైనా ప్రమాదం జరిగిన 10 ఏళ్లలోగా క్లెయిమ్ చేయాలి. వాహనం నంబరు, చోటు, సమయం, సాక్షుల వివరాలు అక్కడికక్కడే రాసుకోండి. పోలీసు నివేదిక సంఖ్య, వైద్యుల కాగితాలు లేకుండా దేశం వదిలి రాకండి. భారత్‌కు తిరిగి వచ్చాక వాటిని తెప్పించుకోవడం చాలా కష్టం.