మట్టికి చివరి ఆయకట్టు – సముద్ర తీరం

మునగాల పిల్లవాడు సముద్రం గురించి రాయడమేమిటని మిత్రులు నవ్వవచ్చు. మా ఊరికీ సముద్రానికీ నూరు కిలోమీటర్లకు పైగా దూరం. అయినా మాకు దానితో రెండు సంబంధాలున్నాయి. చుట్టూ నైజాం రాజ్యం ఉన్నా మునగాల పరగణా కృష్ణా జిల్లాలో భాగంగా ఉండేది. 1959లో నల్లగొండలో కలిసేదాకా మా పెద్దల జిల్లా కేంద్రం సముద్రపు ఒడ్డు పట్నమైన బందరు. రెండో సంబంధం ఇంకా గట్టిది. మా పొలాలకు పారేది సాగర్ ఎడమ కాలువ నీరు. ఆ నీటి కథ సముద్రం దగ్గరకు పోతేగాని పూర్తి కాదు.

తీరం ఎలా ఏర్పడుతుంది?

కళ్లంలో ధాన్యం తూర్పారబట్టడం మనలో చాలామంది చూసినదే. బరువైన గింజ దగ్గర పడుతుంది, తాలు దూరం పోతుంది. నది సముద్రంలో కలిసేచోట జరిగేదీ ఇదే. నీటి వేగం తగ్గగానే ఇసుక ముఖద్వారం దగ్గర దిగుతుంది, సన్నని ఒండ్రు దూరం పోయి దిగుతుంది. ఇట్లా వేల ఏళ్లు దిగిన మట్టే కృష్ణా, గోదావరి డెల్టాలు. ఇప్పుడు తీరానికి ముప్పై కిలోమీటర్ల దాకా లోపలున్న కొల్లేరు ఒకనాడు సముద్రం పక్కన ఉండేదని భూగర్భ శాస్త్రజ్ఞులు అంటారు. పొలాల మధ్య వరసలుగా కనిపించే పాత ఇసుక దిబ్బలు ఆనాటి ఒడ్డుల గుర్తులే.

నది తెచ్చిన ఇసుకను కెరటాలు ఉన్నచోట ఉండనీయవు. కెరటం ఒడ్డును ఏటవాలుగా తాకుతుంది, నీరు మాత్రం నేరుగా వెనక్కి జారుతుంది. ప్రతి కెరటానికీ ఇసుక రేణువు కొంచెం పక్కకు జరుగుతుంది. నైరుతి రుతుపవనాల కాలంలో మన తీరం వెంట ఇసుక ఉత్తరానికి నడుస్తుంది, ఈశాన్య రుతుపవనాల్లో దక్షిణానికి. ఏడాది మొత్తం మీద ఉత్తరపు నడకే ఎక్కువ. కాకినాడ ఎదుట ఉత్తరంగా సాగిన పొడవాటి ఇసుక తిన్నె ఈ నడక వల్ల పెరిగిందే. దాని చాటునే కాకినాడ రేవు ప్రశాంతంగా ఉంది.

అంటే తీరం బ్యాంకు ఖాతా లాంటిది. వచ్చే ఇసుక, పోయే ఇసుక సమానమైతే ఒడ్డు నిలుస్తుంది. రాబడి తగ్గితే సముద్రం ముందుకు వస్తుంది.

మనిషి చేయి

విశాఖ రేవు 1933లో ప్రారంభమైంది. రేవు రక్షణకు అడ్డుకట్టలు కట్టేసరికి దక్షిణం నుంచి వచ్చే ఇసుక అక్కడ ఆగి, ఉత్తరాన ఉన్న బీచి కోతకు గురవుతూ వచ్చింది. అందుకే పూడిక తీసిన ఇసుకను మళ్లీ ఆ బీచిలో పోస్తుంటారు. ఒకచోట కట్టిన గోడకు మరొకచోట ఒడ్డు మూల్యం చెల్లిస్తుందన్న మాట.

ఇంతకన్నా పెద్ద మార్పు తీరానికి దూరంగా, మన దగ్గరే జరిగింది. 1955 డిసెంబర్ 10న పండిత్ నెహ్రూ నాగార్జున సాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967లో కాలువలకు నీరు వదిలారు. ఆ నీరు రాకముందు మా తాతల కాలంలో వానను నమ్ముకుని జొన్న, ఆముదం వేసేవారు. మేము వరి అన్నం తింటున్నామన్నా, నేను కాలేజీలో కూర్చున్నానన్నా ఆ డ్యాము పుణ్యమే. కాని డ్యాము నీటితోపాటు మట్టినీ ఆపుతుంది. సాగర్ సామర్థ్యం మొదట 408 టి.ఎం.సి.లు, ఇప్పుడు 312. శ్రీశైలం 308 నుంచి సుమారు 215కి వచ్చింది. ఆ తగ్గుదలకు ముఖ్య కారణం పూడిక, డెల్టాకు చేరవలసిన ఒండ్రు.

ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకుల లెక్క ప్రకారం కృష్ణ డెల్టాకు తెచ్చే ఒండ్రు 1966–69 నాటి సుమారు 90 లక్షల టన్నుల నుంచి 2000–2005 నాటికి 4 లక్షలకు పడిపోయింది. గోదావరిలో 1970లలో సుమారు 15 కోట్ల టన్నులుంటే, ఆ తరువాత 6 కోట్లకు లోపే. రాబడి పోయిన ఖాతా ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

ఎవరికి నష్టం?

చీరలకు పేరుపొందిన ఉప్పాడలో ఇళ్లు, రోడ్డు సముద్రంలో కలుస్తున్నాయి. రాళ్లు పోశారు, ఇసుక నింపిన పెద్ద సంచులు వేశారు, కోత ఆగలేదు. ఇక తుఫానుల సంగతి. 1977 నవంబర్ 19న దివిసీమ మీద విరుచుకుపడిన ఉప్పెనలో పదివేల మంది దాకా చనిపోయారు. అటువంటి ఉప్పెన వేగాన్ని తగ్గించేవి మడ అడవులు. మడ చెట్టు వేళ్లు బురదను పట్టి ఉంచుతాయి. వాటిని కొట్టి రొయ్యల చెరువులు తవ్వినచోట ఆ రక్షణ పోయింది.

మన బాధ్యత

డ్యాములు పగలగొట్టమని ఏ రైతు బిడ్డా అనడు, నేనూ అనను. కాని ఒక మాట ఆలోచించండి. ఎగువ రైతు మడవ కట్టేస్తే చివరి ఆయకట్టు రైతు ఎండిపోతాడు. ఈ తగాదా మా ఊళ్లో ప్రతి సీజన్‌లోనూ చూస్తాం. పెద్దమనుషులు కూర్చుని వంతులు పెడతారు. కృష్ణమ్మ మట్టికి చివరి ఆయకట్టు సముద్ర తీరం. అక్కడి జాలరి మన కాలువ చివరి రైతు లాంటివాడే. అతని వంతు అడిగేవాడు లేడు.

చేయగలిగినవి ఉన్నాయి. వరదల్లో పూడికను కిందికి పంపే ఏర్పాట్లు, ఉన్న మడ అడవులను కాపాడటం, నదిలో ఇసుకను ఇష్టం వచ్చినట్టు తోడకుండా చూడటం, కొత్త ఇళ్లు ఒడ్డుకు దూరంగా కట్టించడం. తీరప్రాంతాల్లో నిర్మాణాల మీద 1991 నుంచే కేంద్ర నిబంధనలున్నాయి, వాటిని అమలు చేయడమే మిగిలింది. సైన్సు చదివే మనం ప్రాజెక్టు లెక్క వేసేటప్పుడు టి.ఎం.సి.ల పక్కన టన్నుల మట్టినీ రాయడం నేర్చుకోవాలి. నీటికి వంతులు పెట్టుకున్న మనం మట్టికీ వంతు పెట్టగలం.