మలబారు చింత సారం – శరీర కొవ్వు: జీవరసాయన సిద్ధాంతం, మానవ ప్రయోగాల తీర్పు

స్థూలకాయాన్ని తగ్గిస్తాయని చెప్పి విక్రయించే వృక్ష సంబంధ ఆహార పూరకాలలో మలబారు చింత తొక్క సారం ముఖ్యమైనది. మలయాళంలో కుడంపుళి అని, వృక్షశాస్త్రంలో గార్సీనియా గమ్మి-గుట్టా అని పిలువబడే ఈ చెట్టు పశ్చిమ కనుమల తడి అడవులలోను, కేరళ, కర్ణాటక ప్రాంతాల పెరటి తోటలలోను పెరుగుతుంది. ఎండబెట్టి పొగ పట్టించిన దీని తొక్కను చేపల కూరలో పులుపు కోసం వాడడం అక్కడ తరతరాలుగా వస్తున్న అలవాటు. పాత శాస్త్రీయ నామమైన గార్సీనియా కాంబోజియా అన్న పేరే నేటికీ మాత్రల సీసాలపై కనిపిస్తుంది. ఔషధ మొక్కల సాగు గురించి రైతు అడిగే మొదటి ప్రశ్న గిరాకీని గురించే. ఇటువంటి పంటలకు గిరాకీ చాలావరకు సీసా మీది చీటీలో పుడుతుంది కనుక, ఆ చీటీలోని మాటకు ఎంత ఆధారం ఉన్నదో విస్తరణ శాస్త్రవేత్తకు తెలిసి ఉండాలి.

ఆమ్లం గుర్తింపు, ఎంజైము నిరోధం

ఈ కాయల పులుపునకు సిట్రిక్, టార్టారిక్ ఆమ్లాలే కారణమని తొలుత భావించేవారు. మైసూరులోని కేంద్రీయ ఆహార సాంకేతిక పరిశోధన సంస్థకు చెందిన లూయిస్, నీలకంఠన్‌లు 1965లో ఇందులోని ప్రధాన ఆమ్లం హైడ్రాక్సీసిట్రిక్ ఆమ్లమని నిర్ధారించారు. అటు తరువాత కొద్ది సంవత్సరాలకే అమెరికాలోని బ్రాండైస్ విశ్వవిద్యాలయంలో వాట్సన్, లోవెన్‌స్టీన్ బృందం ఈ ఆమ్లం ఏటీపీ సిట్రేట్ లయేజ్ అనే ఎంజైమును బలంగా నిరోధిస్తుందని చూపింది.

ఈ ఎంజైము పాత్ర తెలిస్తే ప్రచారానికి మూలం అర్థమవుతుంది. అవసరానికి మించి తిన్న పిండిపదార్థం గ్లూకోజుగా మారి, మైటోకాండ్రియాలో సిట్రేటు రూపం దాల్చి కణద్రవ్యంలోకి వస్తుంది. అక్కడ ఏటీపీ సిట్రేట్ లయేజ్ దానిని విడగొట్టగా ఎసిటైల్ కో-ఎంజైము ఎ ఏర్పడుతుంది. కొవ్వు ఆమ్లాల నిర్మాణానికి ముడిసరుకు ఇదే. దీని నుండి తయారయ్యే మలోనైల్ కో-ఎంజైము ఎ, కొవ్వు ఆమ్లాలు దహనం కోసం మైటోకాండ్రియాలోకి ప్రవేశించకుండా అడ్డుకుంటుంది. కాబట్టి ఎంజైమును నిరోధిస్తే కొత్త కొవ్వు తయారీ తగ్గాలి, ఉన్న కొవ్వు దహనం పెరగాలి. సిద్ధాంతంగా ఇందులో లోపమేమీ లేదు.

ఇక్కడ మన గోంగూర ప్రస్తావన అవసరం. ఎర్ర గోంగూర పూల కండగల రక్షక పత్రాలలో ఉండే హైబిస్కస్ ఆమ్లం కూడా హైడ్రాక్సీసిట్రిక్ ఆమ్లానికి చెందినదే. అయితే ఈ ఆమ్లానికి నాలుగు ప్రాదేశిక సాదృశ్యాలు ఉన్నాయి. గోంగూరలోనిది ఒకటి, మలబారు చింతలోనిది వేరొకటి. ఎంజైమును బలంగా నిరోధించేది మలబారు చింతలోని రూపమే. పేరు కలిసినంత మాత్రాన పని కలవదు. గోంగూర పచ్చడికి కొవ్వు కరిగించే గుణాన్ని అంటగట్టే వ్యాపారికి విద్యార్థి ఈ మాట చెప్పగలిగి ఉండాలి.

ఎలుకల నుండి మనుషులకు

1970 దశకంలో సల్లివన్ బృందం ఎలుకలపై చేసిన ప్రయోగాలలో, భోజనానికి ముందు ఈ ఆమ్లం ఇచ్చినప్పుడు కాలేయంలో కొవ్వు ఆమ్లాల తయారీ తగ్గింది. ఎలుకల బరువు కూడా తగ్గింది. కాని అవి తిండి కూడా తగ్గించాయి. అందువల్ల బరువు తగ్గుదలనంతటినీ ఎంజైము నిరోధానికే ఆపాదించడం కుదరదు. కుండీ ప్రయోగంలో వచ్చిన దిగుబడిని ఎకరాకు గుణించి సిఫారసు చేయడం ఎంత పొరపాటో సేద్య విజ్ఞానం చదివినవారికి వేరుగా చెప్పనవసరం లేదు.

మనుషులపై జరిగిన ప్రయోగాలలో 1998లో హేమ్స్‌ఫీల్డ్ బృందం న్యూయార్కులో నిర్వహించినది పాఠ్యాంశంగా పరిశీలించదగినది. అధిక బరువు గల 135 మందిని యాదృచ్ఛికంగా రెండు వర్గాలుగా విభజించి, ఒక వర్గానికి రోజుకు 1500 మిల్లీగ్రాముల హైడ్రాక్సీసిట్రిక్ ఆమ్లాన్ని, రెండవ వర్గానికి చూడడానికి అలాగే ఉండే మందులేని మాత్రలను 12 వారాలపాటు ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో తీసుకున్నవారికీ, ఇచ్చినవారికీ తెలియదు. ఇరువర్గాలకు పీచు ఎక్కువగా, శక్తి తక్కువగా ఉండే ఒకే ఆహార నియమం విధించారు. సారం తీసుకున్నవారు సగటున 3.2 కిలోలు తగ్గారు. మందులేని మాత్రలు తీసుకున్నవారు 4.1 కిలోలు తగ్గారు. ఈ తేడాకు గణాంకపరమైన ప్రాముఖ్యం లేదు. శరీర కొవ్వు శాతంలోనూ సారానికి అనుకూలమైన తేడా కనిపించలేదు.

నియంత్రణ వర్గమే లేకపోయి ఉంటే ఏమయ్యేది? 12 వారాలలో 3.2 కిలోలు తగ్గించే మందుగా ఈ సారానికి పేరు వచ్చేది. తగ్గించినది ఆహార నియమమే. ఎరువు వేయని మడి లేకుండా ఎరువు ఫలితాన్ని ఏ శాస్త్రవేత్తా అంగీకరించడు. మాత్రల విషయంలో మాత్రం వాడకముందు, వాడిన తరువాత తీసిన రెండు ఛాయాచిత్రాలతో లోకం సంతృప్తి పడుతున్నది.

2011లో ఒనాక్‌పోయా బృందం అందుబాటులోని ప్రయోగాలను కలిపి విశ్లేషించగా సారం వాడినవారిలో సగటున 0.88 కిలోల అదనపు తగ్గుదల కనిపించింది. పటిష్ఠంగా నిర్వహించిన ప్రయోగాలను మాత్రమే లెక్కలోకి తీసుకున్నప్పుడు ఆ తేడా కూడా ప్రాముఖ్యం కోల్పోయింది.

సిద్ధాంతం ఎక్కడ ఆగింది

ఎంజైము నిరోధం నిజమైనప్పుడు ఫలితం ఎందుకు రాలేదన్న ప్రశ్నకు సమాధానం మానవ జీవక్రియలోనే ఉన్నది. సాధారణ మిశ్రమాహారం తీసుకునే మనిషి శరీరంలో పిండిపదార్థం నుండి కొత్తగా తయారయ్యే కొవ్వు రోజుకు కొద్ది గ్రాములకు మించదు. అతిగా తిన్నప్పుడు శరీరం ముందుగా పిండిపదార్థాన్ని ఖర్చు చేస్తుంది. ఆ మేరకు ఆహారంలోని నూనె, నెయ్యి దహనం కాకుండా నేరుగా నిల్వ చేరుతాయి. ఈ మార్గంలో ఏటీపీ సిట్రేట్ లయేజ్‌కు పని లేదు. పెద్ద కాలువ నుండి నీరు వస్తున్న చెరువు నిండకుండా ఉండాలని పిల్ల కాలువకు అడ్డుకట్ట వేసినట్లయింది. చక్కెర, పిండిపదార్థాలు మితిమీరినప్పుడు, ఇన్సులిన్ నిరోధకత ఉన్నప్పుడు కాలేయంలో ఈ పిల్ల కాలువ కొంత వెడల్పవుతుంది. వరి అన్నమే ప్రధానమైన మన ప్రాంతాలకు ఈ అంశం వర్తించవచ్చు గాని, బరువు లెక్కను మార్చేటంత పెద్దది కాదు.

దీనికి మరొక ఆధారం వైద్యరంగం నుండి లభిస్తున్నది. ఇదే ఎంజైమును కాలేయంలో నిరోధించే బెంపెడోయిక్ ఆమ్లం అనే ఔషధానికి 2020లో అమెరికా ఆమోదం లభించింది. ఆ ఆమోదం రక్తంలోని చెడు కొలెస్టరాల్‌ను తగ్గించడానికి ఇచ్చినదే గాని బరువు తగ్గించడానికి కాదు.

కోలియస్ వేళ్ళలోని ఫోర్‌స్కోలిన్ కథ కూడా ఇటువంటిదే. కణాలలో చక్రీయ ఏఎంపీని పెంచి కొవ్వును విడగొట్టే ఎంజైములను ఇది ప్రేరేపిస్తుంది. 2005లో ప్రచురితమైన రెండు చిన్న ప్రయోగాలలో ఒకటి పురుషులలో కొవ్వు తగ్గిందని, రెండవది స్త్రీలలో బరువు తగ్గలేదని తెలిపాయి. తమిళనాడు, కర్ణాటకలలో ఒప్పంద పద్ధతిపై సాగైన ఈ పంటకు అంతకు మించిన పునాది లేదు.

మోతాదు సంగతి

మొక్కల పదార్థాలేవీ జీవక్రియను ప్రభావితం చేయవని దీని అర్థం కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1990లో ప్రచురించిన అధ్యయనంలో, మొదటి రకం మధుమేహం ఉన్నవారికి నూనె తీసిన మెంతి పొడిని రోజుకు 100 గ్రాముల చొప్పున 10 రోజులు ఇవ్వగా మూత్రంలో పోయే గ్లూకోజు 54 శాతం తగ్గింది. మెంతులలోని జిగురు పీచు పేగులలో చక్కెర శోషణను మందగింపజేస్తుంది. ఇది బరువుకు సంబంధించిన ఫలితం కాదు. మోతాదు కూడా గమనార్హం. 500 మిల్లీగ్రాముల గుళికలలో అంత పొడి కావాలంటే రోజుకు 200 గుళికలు మింగాలి. మెంతి ఆహారంగా పని చేసింది. గుళికలో చిటికెడు నింపి అదే ఫలితాన్ని చీటీపై రాయడం న్యాయం కాదు.

గాఢ సారాల విషయంలో ప్రమాదం మరో వైపు నుండి వస్తుంది. అమెరికాలో ఔషధ సంబంధ కాలేయ వ్యాధులను నమోదు చేసే పరిశోధక బృందం 2022లో గార్సీనియాతో ముడిపడిన 22 కేసులను వివరించింది. వాటిలో 16 మంది గ్రీన్ టీ కూడా ఉన్న ఉత్పత్తులు వాడినవారు, 5 మంది గార్సీనియా మాత్రమే వాడినవారు. హెచ్ఎల్ఏ-బి 35:01 అనే జన్యురూపం ఉన్నవారిలో ఈ హాని ఎక్కువగా కనిపించింది. గ్రీన్ టీ సారంలోని ఇజిసిజి రోజుకు 800 మిల్లీగ్రాములు దాటితే కాలేయ ఎంజైములు పెరుగుతాయని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో తెలిపింది. కూరలో వేసే రెండు తొక్క ముక్కలకు ఈ హెచ్చరిక వర్తించదు. కళ్ళు పచ్చబడడం, ముదురు రంగు మూత్రం, విపరీతమైన నీరసం కనిపిస్తే మాత్రలు వెంటనే ఆపి, సీసాతో సహా వైద్యుని వద్దకు వెళ్ళమని గ్రామ సమావేశాలలో చెప్పడం విస్తరణ సిబ్బంది పరిధిలోనిదే. మన దేశంలో 2016 నాటి ఆహార పూరకాల నిబంధనల ప్రకారం ఇటువంటి సీసాలపై వైద్య అవసరాలకు కాదన్న ప్రకటన తప్పనిసరి. దానిని చదివి వినిపించడం కూడా ఉపయోగకరం.

సాగు విషయానికి వస్తే, మలబారు చింత గింజ మొక్కలు కాపుకు రావడానికి 10 నుండి 12 సంవత్సరాలు పడుతుంది. వాటిలో సగానికి పైగా మగ చెట్లు కావచ్చు. అంటు మొక్కలు మూడవ సంవత్సరం నుండే కాయడం ప్రారంభిస్తాయి. అంటు కట్టిన ఆడ మొక్కలనే సిఫారసు చేయాలి. రాబడి లెక్కలను సారం తయారీదారు ఇస్తానన్న ధరపై కాక కేరళ వంట సరుకు మార్కెట్టులో ఎండు తొక్కకు పలికే ధరపై వేయాలి. ఆ ధర వద్ద గిట్టుబాటు కాని చోట ఈ పంటను సూచించరాదు.