మొక్కజొన్న నేలకు శీతకాలపు దుప్పటి

అమెరికాలోని అయోవా రాష్ట్రమున ఒక ఏడు మొక్కజొన్న, మరుసటి ఏడు సోయా చిక్కుడు వంతులవారీగా సాగగును. ఏప్రిల్, మే మాసములలో విత్తి, సెప్టెంబరు మొదలు నవంబరు లోపల కోయుదురు. అటుపిమ్మట ఆ నల్లనేల ఆరు నెలలు బోడిగా పడియుండును. గాలియు, కరగిన మంచునీరును మన్నును కొనిపోవును.

ఇది కంటికి కనబడు నష్టము. కనబడనిది నత్రజని. అచటి పొలముల అడుగున మురుగునీరు పోవుటకు చిల్లుల గొట్టములు పరచియున్నవి. పైరు లేని వేళ నేలలోని నైట్రేటు నీటిలో కరగి, ఆ గొట్టముల గుండా వాగులలోనికి, మిసిసిపీ నదిలోనికి, తుదకు మెక్సికో సింధుశాఖలోనికి చేరును. అచట నాచు విపరీతముగా పెరిగి, చచ్చి, కుళ్లి, నీటిలోని ప్రాణవాయువును హరించును. దారిలోనున్న డెమాయిన్ నగరము త్రాగునీటినుండి నైట్రేటును తొలగించుటకు ప్రత్యేక యంత్రాగారమునే నిర్మించుకొనవలసి వచ్చినది!

దీనికి విరుగుడు కప్పు పంట. కోతల వేళకు రై అను ధాన్యమును చల్లుదురు. అది మంచు క్రింద చావక, వసంతమున లేచి, మిగిలిన నైట్రేటును పీల్చుకొనును. ఇందువలన గొట్టములలో పోవు నైట్రేటు సగటున నూటికి 31 వంతులు తగ్గునని 2013లో అయోవా ప్రకటించిన పోషక ప్రణాళిక అంచనా వేసినది. తరువాతి మొక్కజొన్న దిగుబడి నూటికి 6 వంతులు తగ్గవచ్చునని కూడ అదే ప్రణాళిక దాచక తెలిపినది.

చిక్కంతయు ఇచటనే యున్నది. ముదిరిన రై గడ్డిని కుళ్లించు సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని తామే వాడుకొనును. లేత మొక్కజొన్న పసుపుబారును. కావున విత్తుటకు 10 నుండి 14 దినముల ముందే రైని చంపవలెను. సోయాకు ఈ బెడద తక్కువ. దాని వేళ్ల బుడిపెలే గాలినుండి నత్రజనిని సంపాదించును, పైగా పడిన రై గడ్డి కలుపును అణచును. క్రొత్తగా పూనుకొను రైతు సోయాకు ముందే దీనిని వేసి చూచుట మేలని మా అభిప్రాయము.

2022 వ్యవసాయ గణన ప్రకారము ఆ దేశమంతటను కప్పు పంటలు సుమారు 1.8 కోట్ల ఎకరములు. సాగుభూమిలో నూటికి 5 వంతులైనను కాదు. రైతును నిందింప మాకు మనసొప్పదు. విత్తనపు ఖర్చు అతనిది, శుద్ధజలము దిగువవారిది. ఆ ఖర్చులో దిగువవారును పాలు పంచుకొనుట న్యాయము.

మన రైతులు జనుము, జీలుగ, పిల్లిపెసరలను పూతదశలో కలియదున్ని పచ్చిరొట్టగా కుళ్లింతురు. అది నేలకు పెట్టుబడి. రై చేయునది కాపలా. మన ఉర్దూ మిత్రులు 'సన్' అని పిలుచు ఆ జనుమే 1980వ దశకమున హవాయి ద్వీపములలో 'ట్రాపిక్ సన్' అను పేర విడుదలైనది. కాని అయోవాలో అది తొలి గడ్డమంచుకే చచ్చును. అచట దానిని వేసవిలోనే విత్తవలెను. అప్పటికి మొక్కజొన్న ఇంకను చేనిలోనే నిలిచియుండును.