వెల్సు నవలలు, వాటి పాఠకులు

ఒక రచయిత గ్రంథములలో మీకు మిక్కిలి ప్రియమైనది ఏది యని పదిమందిని అడిగినచో పది విధములైన ప్రత్యుత్తరములు వచ్చుట సహజము. శాస్త్ర విషయములను ఆధారముగా గొని కల్పనా కథలు రచించిన ఆంగ్ల రచయిత హెచ్. జి. వెల్సు విషయమున ఈ మాట మరింత సత్యము.

వెల్సు 1866వ సంవత్సరమున ఇంగ్లండులోని బ్రామ్లీ పట్టణమున జన్మించెను. తండ్రి పింగాణి పాత్రలు విక్రయించు చిన్న వర్తకుడు. ఏడేండ్ల ప్రాయమున బాలునికి కాలు విరిగెను. మంచము విడువలేని ఆ దినములలో తండ్రి తెచ్చి యిచ్చిన పుస్తకములే అతనికి స్నేహితులు. కాలు విరుగుట తన యదృష్టమని అతడు పెద్దవాడైన పిదప వ్రాసికొనెను. పేదరికముచే కొంతకాలము బట్టల అంగడిలో పనిచేసి, తుదకు 1884లో విద్యార్థివేతనము పొంది, లండనులో హక్స్‌లీ మహాశయుని యొద్ద జీవశాస్త్రము అభ్యసించెను.

సికింద్రాబాదునకు ఉత్తరముననున్న యాప్రాల్‌లో ఒకమారు నేను ఎనిమిదవ తరగతివారికి వెల్సు కథలను సంగ్రహముగా చెప్పి, ఎవరికి ఏది నచ్చినదో తెలుపుడని కోరితిని. వెనుక బల్లపైనున్న బాలురందరును ఒక్క గొంతుతో “అదృశ్య మానవుడు” అనిరి. పరీక్షల దినములలో ఆ విద్య తెలిసిన ఎంత బాగుండునో యని వారి తలంపు కాబోలు! అంతట ఒక బాలిక లేచి, “సార్, అతడు ఎవరికిని కనబడడు గదా, మరి అతనికి లోకమెట్లు కనబడును?” అని అడిగెను. చక్కని ప్రశ్న. కంటి లోపలి నేత్రపటలము వెలుతురును పట్టి నిలిపిననే చూపు కలుగును. వెలుతురు శరీరమంతటినుండి నిరాటంకముగా సాగిపోవునప్పుడు కన్ను మాత్రము దానిని ఎట్లు పట్టగలదు? అదృశ్య మానవుడు అంధుడే కావలెను. రష్యా దేశపు రచయిత పెరెల్మాను ఈ లోపమును ఎన్నడో ఎత్తిచూపెను. ఆ బాలిక అతని గ్రంథమును చూచియుండలేదు.

1895లో వెలువడిన “కాలయంత్రము” మన తెలుగువారికి చలనచిత్రముగా దగ్గరైనది. దాని ప్రేరణతో సింగీతం శ్రీనివాసరావు గారు 1991లో “ఆదిత్య 369” చిత్రమును నిర్మాణమునకు తెచ్చిరి. వెల్సు కథానాయకుడు 802701వ సంవత్సరమునకు పరుగిడగా, మనవారు తొలుత శ్రీకృష్ణదేవరాయల కాలమునకు పోయిరి. తెలుగు పాఠకునికి యంత్రము దొరికినచో పోవలసిన చోటు అదియే గదా!

ఇక “లోకముల యుద్ధము” సంగతి. అంగారక గ్రహవాసులు ఇంగ్లండుపై దండెత్తి, ఫిరంగులకు లొంగక, తుదకు కంటికి కనబడని సూక్ష్మజీవులచే నశింతురు. ఐరోపావారు టాస్మేనియా ప్రజలను నిర్మూలించిన దుష్కృత్యమును వెల్సు మొదటి ప్రకరణముననే జ్ఞాపకము చేసెను. నా దృష్టిలో ఆ నవలకు ప్రాణము అదియే. అయితే 1898లో దానిని పత్రికలో చదివిన రాబర్టు గాడర్డు అను పదునారేండ్ల అమెరికా బాలుని మనస్సు అంగారకుని వంకకే ఎగిరినది. మరుసటి యేడు అక్టోబరు 19న చెర్రీచెట్టు కొమ్మలు నరుకుటకు ఎక్కిన ఆ బాలుడు, ఆ గ్రహమునకు పోగల యంత్రమును ఊహించుకొనుచు కూర్చుండెను. ఆ తేదీని జీవితాంతము పండుగవలె తలచెను. 1926 మార్చి 16న ద్రవ ఇంధనముతో నడచు మొదటి రాకెట్టును అతడే ఎగురవేసెను. అది లేచినది 41 అడుగులు; ఎదిగిన తాటిచెట్టంత ఎత్తయినను లేదు. గాలిలో నిలిచినది రెండున్నర సెకండ్లు. 1932లో గాడర్డు తన బాల్యపఠనమును గూర్చి వెల్సునకు లేఖ వ్రాసెను.

అదే 1932లో లియో సిలార్డు అను హంగేరీ శాస్త్రజ్ఞుడు వెల్సు రచించిన మరియొక నవలను చదివెను. “విముక్త ప్రపంచము” అను ఆ గ్రంథము 1914లో వెలువడినది. కృత్రిమ రేడియోధార్మికత 1933లో కనుగొనబడుననియు, పిదప అణుబాంబులు నగరములను దహించుననియు అందు కలదు. నిజమున అది 1934లో కనుగొనబడెను! 1933 సెప్టెంబరులో లండను వీధి దాటుటకు దీపము మారువరకు నిలిచియున్న సిలార్డునకు ఒక యూహ తోచెను. ఒక న్యూట్రాను పరమాణువును తాకి రెండింటిని వెలువరించినచో, రెండు నాలుగగును, నాలుగు ఎనిమిదియగును. ఆ శృంఖలకు అంతెక్కడ? ఆ శక్తి యేమి చేయగలదో నవల చదివిన అతనికి తెలియును. కనుకనే తన పేటెంటును బ్రిటిషు నౌకాశాఖకు ఒప్పగించి గుప్తముగా నుంచెను.

కాని హిట్లరు ముందుగా బాంబును చేయునేమో యను భయముచే, 1939లో ఐన్‌స్టీను సంతకముతో అమెరికా అధ్యక్షునికి లేఖ పంపించినవాడును అతడే. 1945 జూలైలో, జపానుపై దానిని ప్రయోగింపవలదని తోడి శాస్త్రజ్ఞుల సంతకములతో విజ్ఞప్తి సిద్ధపరచెను. అది అధ్యక్షుని చేతికి అందలేదు. ఆగస్టు 6న హిరోషిమా దగ్ధమయ్యెను. మరుసటి యేడు ఆగస్టు 13న వెల్సు మరణించెను. యుద్ధానంతరము సిలార్డు అణుశాస్త్రమును విడిచి, వెల్సు తన యౌవనమున అభ్యసించిన జీవశాస్త్రమును చేపట్టెను.